నుసి పడని పూట

చీపురు నాలుగు విసుర్లు విసిరాక గానీ సంపూర్ణమ్మకు గుర్తు రాలేదు, ఊడవకూడదని.

చటుక్కున చెయ్యి ఆపింది. అప్పటికే లేచిన నల్లటి నుసి పాదాల మీద, చీర కుచ్చిళ్ళ మీద వాలింది. తెలతెలవారుతోంది. వీధి చివర కుళాయి దగ్గర ఎవరో బిందె పెట్టారు. ఆమె చీపురును గోడకు ఆనించి, కాసేపు దగ్గి, అరుగు మీద కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ చేతులు ఊరుకోవడం లేదు. అరవైకి దగ్గర పడిన మనిషి, పరికిణీలు కట్టే వయసులో పట్టిన చీపురు. పొద్దున్నే వాకిలి ఊడవకుండా కూర్చోవడమంటే ఆమెకు ముఖం కడుక్కోకుండా బజారుకు వెళ్ళినట్టే ఉంది.

వారం రోజులుగా కాలనీలో ఎవరూ చీపురు ముట్టుకోవడం లేదు. అది తబిత మాట. తబిత ఆ కాలనీకి ఆశా కార్యకర్త. చంటిపిల్లలకు టీకాలు వేయించడం ఆమె ఉద్యోగం. వాళ్ళ ఛాతీలు పిల్లికూతలు కూయడం చూడలేక నెత్తికెత్తుకున్నది ఈ రెండో పని. ఇంటింటికీ తిరిగి అర్జీ రాయించింది. ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని మిల్లు గేటు ముందు కూర్చుంది. ఎండలో తిరిగి తిరిగి నల్లబడింది గానీ, ఎట్టకేలకు కాలుష్యం ఆఫీసు వాళ్ళ చేత వచ్చి చూస్తామనిపించింది. "వాళ్ళొచ్చేదాకా పడింది పడినట్టే ఉంచండి. కళ్ళతో చూసి రాసుకుంటారు" అని గడపగడపకూ చెప్పింది. వాళ్ళు వచ్చేది ఈ రోజే. దారిలో మిల్లు వాళ్ళు ఎగరేసుకుపోకుండా తనే వెంటబెట్టుకుని వస్తానని తబిత తెల్లవారుజాము బస్సుకే రాజమండ్రి వెళ్ళింది.

మిల్లు గోడే కాలనీకి వెనక గోడ. ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు ఊక కావాలి. కాలీ కాలని ఊక గొట్టంలోంచి ఎగిరి వచ్చి వంటల మీద, పక్కల మీద, పసిపిల్లల కనురెప్పల మీద పడుతుంది. మండపేట చుట్టుపక్కల ఇలాంటి మిల్లులకు కొదవ లేదు, నలుగురికీ కూడు పెట్టేవీ అవే. అయితే ఈ బాయిలర్ మొదట్లో ఇటు లేదు. రోడ్డు వైపు ఉండేది. అప్పుడు నుసి రోడ్డవతల మేడల మీద పడేది. మేడల మీద ఎండబెట్టిన వడియాలు నల్లబడ్డాయని అక్కడి పెద్దమనుషులు ఒక సాయంత్రం మిల్లు యజమానితో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకున్నారు. నెల తిరగకుండా బాయిలర్ వెనక్కి జరిగింది. గాలికి అడ్రసులు తెలియవు గానీ గొట్టం ఎక్కడ పెట్టాలో మనుషులకు బాగా తెలుసు. వాళ్ళకు ఒక కాఫీతో అయిపోయిన పనికి వీళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు.

సంపూర్ణమ్మ ఆ మిల్లుకు కొత్త మనిషి కాదు. పెళ్ళై వచ్చిన ఏడాదే అక్కడి కళ్ళంలో పనికి కుదిరింది. ఉడికిన వడ్లు ఎండబోసి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగడం, పొద్దుగూకే వేళకు ఊడ్చి కుప్ప చేయడం. భర్త అదే మిల్లులో ఊక మోసేవాడు. యంత్రాలు వచ్చి కళ్ళం పని పోయింది. దగ్గు వచ్చి భర్త పోయాడు. క్షయ అన్నారు, కాదన్నారు, ఆఖరికి ఏమీ అనకుండానే పంపించేశారు. ఆ తరవాత ఆమె రోడ్డవతల సూర్యకాంతమ్మ గారింట్లో పనికి కుదిరింది. అంట్లు, ఇల్లు ఊడవడం, తడిగుడ్డ పెట్టడం. ఆ ఇంటి గచ్చు మీద పడిన మెతుకు ఏరుకుని తినొచ్చని చుట్టాలంతా సూర్యకాంతమ్మ గారిని మెచ్చుకుంటారు.

సంపూర్ణమ్మకంటూ ఈ లోకంలో ఒక్కటే కావాలి. మనవరాలు సాయిదుర్గ తిరిగి ఇంటికి రావాలి. కొడుకు చంద్రరావు కూతురు. పుట్టినప్పటి నుంచీ నాయనమ్మ పక్కలోనే పెరిగింది. పోయిన శీతాకాలం ఒక సాయంత్రం పిల్లకు ఊపిరి అందక పెదాలు నీలంగా అయిపోతే, ఆటోలో రాజమండ్రి పెద్దాసుపత్రికి పరిగెత్తారు. ఈ గాలిలో ఉంచితే ఈసారి నేనేం చేయలేనన్నాడు డాక్టరు. చంద్రరావు పెళ్ళాన్నీ పిల్లనూ తీసుకుని కడియం వెళ్ళిపోయాడు. అక్కడి నర్సరీల్లో లారీలకు మొక్కలు ఎక్కించే పని. ఒకటే గది, అందులో ముగ్గురికే చోటు. "ఆ బూడిద ఆగిన రోజున తీసుకొచ్చేత్తానమ్మా" అని మాటిచ్చాడు. సాయిదుర్గ ఫోన్‌లో ముద్దుముద్దుగా చెబుతుంది, "నాయనమ్మా, ఇక్కడ నా గుండెల్లో పిల్లి కూయట్లేదే" అని. ఆ మాట వింటే సంపూర్ణమ్మకు సంతోషం, ఆ వెంటనే ఏడుపు.

మరి మనవరాలు రావాలని ఇంతగా కోరుకునే మనిషి చీపురు మళ్ళీ ఎందుకు అందుకుంది?

నిన్న సూర్యకాంతమ్మ గారు ఒక మాట అన్నారు. చెడ్డ మనసుతో అన్నది కాదు, కాఫీ గ్లాసు చేతికిస్తూ అన్నారు. "ఊరికే మిల్లును ఆడిపోసుకుంటారు గానీ సంపూర్ణం, ముందు మీ వాళ్ళు ఇళ్ళు శుభ్రంగా ఉంచుకోవద్దూ? రేపొచ్చే ఆఫీసర్లు మాత్రం ఏమనుకుంటారు, ఆ అవతారం చూసి?" "ఆయ్, నిజమేనండి" అంది సంపూర్ణమ్మ. ఇన్నేళ్ళుగా వేరే మాట అనడం ఆమెకు రాదు. కానీ ఆ మాట కాఫీతో పాటు దిగలేదు, గొంతులోనే ఉండిపోయింది. పొరుగిళ్ళు అద్దంలా ఉంచిన చేతులు, సొంతిల్లు ఉంచుకోలేకపోయాయని రాసుకుపోతారా? ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. వాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టి ముక్కు మూసుకుని, ఈ మనుషులే ఇంత, మిల్లు ఏం చేస్తుంది పాపం అనుకుంటే? అప్పుడు సాయిదుర్గ ఎలా వస్తుంది?

పైగా గోదావరి జిల్లా మనిషి. తిట్టడానికి వచ్చినవాడికైనా ముందు కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చి, ఆనక తిట్టించుకుంటారు ఇక్కడ. ఇంటికొచ్చే పెద్దమనుషులను బూడిదలో నడిపించడమా?

ఆలోచించగా ఆమెకు ఒక ఉపాయం తోచింది. ఇప్పుడు ఊడ్చేస్తే ఏమవుతుంది? వాళ్ళు వచ్చేసరికి మళ్ళీ పడుతుంది. ఎండ తప్పినా, వాన తప్పినా, నుసి తప్పింది ఏనాడు? అన్నం వార్చి మూత పెట్టేలోగా పడుతుంది. శుభ్రంగా కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిలి మీద పచ్చి నుసి పడుతూ కనిపిస్తే, అప్పుడు కదా తప్పు ఎవరిదో తెలిసేది! తనకింత తెలివి ఉందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ముక్కుకు కొంగు చుట్టుకుని మొదలుపెట్టింది. వారం నాటి నుసి. చీపురు తగిలితే చాలు, నల్లటి తెర లేస్తోంది. అరుగు, గోడల వార, తులసి కుండీ, గుమ్మం మీద. ఇంట్లో మంచం కింద, పప్పుల డబ్బాల వెనక. తట్టలకెత్తి కాలువలో పోసి వచ్చింది. రెండో తట్టకే ఊపిరి సన్నగిల్లింది, ఛాతీలో కూతలు మొదలయ్యాయి. నిలబడి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మళ్ళీ ఎత్తింది.

పక్కింటి రత్నమాణిక్యం పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి నోరు తెరిచింది. "అదేంటొదినా, ఊడ్చేత్తన్నావు? తబిత వద్దంది గదా!"

"ఇంటికొచ్చే మనుసుల్ని బూడిదలో నడిపిత్తామా? మళ్ళీ పడిపోద్దిలే."

"పడక ఎక్కడికి పోద్ది" అంది రత్నమాణిక్యం. కాసేపు ఆ వాకిట్లో పడుతున్న ముగ్గును చూసింది. తన వాకిలి చూసుకుంది. ఒకటి తెల్లగా, రెండోది నల్లగా. "నీదలా మెరుత్తా ఉంటే నా గుమ్మం దరిద్రంగా ఉండదూ" అని సణుక్కుంటూ తనూ చీపురు తెచ్చుకుంది. ఆవిడను చూసి ఎదురింటావిడ, ఆవిడను చూసి మూలింటావిడ. పొద్దెక్కేసరికి వీధి వీధంతా కళ్ళాపి తడితో ఘుమఘుమలాడింది. కాలనీ పుట్టిన తరవాత అంత అందంగా ఎప్పుడూ లేదు. కాలువ నీళ్ళు కాసేపు నల్లగా పారి, మళ్ళీ మామూలు రంగుకు వచ్చాయి.

సంపూర్ణమ్మ పనిలోకి వెళ్ళింది. ఆఫీసర్లు వచ్చేలోగా అంట్లు తోమేసి వచ్చేయాలని ఆమె ఆలోచన. పెరట్లో కూర్చుని ఇత్తడి గిన్నెలకు చింతపండు రాస్తుంటే మేడ మీద నుంచి సూర్యకాంతమ్మ గారి గొంతు వినిపించింది.

"ఏమే సంపూర్ణం, ఇవాళ ఆకాశం చూశావా? ఎంత తేటగా ఉందో!"

సంపూర్ణమ్మ తల ఎత్తింది. నిజమే. నీలంగా, కడిగినట్టుగా ఉంది. దాని కింద మిల్లు గొట్టం ఒంటరిగా నిలబడి ఉంది. దాని కొసన పొగ లేదు.

ఆయుధపూజ నాడు తప్ప ఆ గొట్టం చల్లారగా ఆమె చూడలేదు. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అంతా ఒక్కసారే అర్థమైంది.

"అమ్మగారూ, ఇప్పుడే వచ్చేత్తానండి" అని కేకేసి, అంట్లు సగంలో వదిలి, ఆమె రోడ్డు మీద పడింది. ఇన్నేళ్ళ పనిలో సగంలో వదిలి లేవడం అదే మొదలు.

కాలనీలో రత్నమాణిక్యం తన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు తుడుస్తోంది. కూల్‌డ్రింక్ సీసా తెప్పించి బకెట్ నీళ్ళలో చల్లగా పెట్టింది. వీధంతా తెల్లటి ముగ్గులు. ఎక్కడా ఒక్క నల్లటి చుక్క లేదు.

"మిల్లు ఆపేసేరే" అంది సంపూర్ణమ్మ. మాట రెండు ఊపిర్ల మధ్య ఇరుక్కుని వచ్చింది. "మిల్లు ఆపేసేరు."

రత్నమాణిక్యం ఆకాశం వైపు చూసి, గుడ్డ కింద పడేసి, "ఓలమ్మో" అని అక్కడే చతికిలబడింది. సంపూర్ణమ్మ ఆగలేదు. తట్ట పట్టుకుని కాలువ గట్టుకు పరిగెత్తింది. పోసిందంతా నీళ్ళలో పోయింది. గట్టు మీది గడ్డి దుబ్బుల్లో మాత్రం కాస్త చిక్కుకుని ఉంది. పక్కన చెత్తకుప్ప మీద మరి కాస్త. రెండు చేతులా గీకి, గడ్డితో సహా తట్టకెత్తుకుని వచ్చింది. గుప్పిళ్ళతో తీసి తన ముగ్గు మీద చల్లింది. అరుగు మీద చల్లింది. గుమ్మం మీద చల్లింది. ఊపిరి కోసం నోరు తెరిస్తే ఆ నుసే నోట్లోకి పోతోంది.

సరిగ్గా అప్పుడే జీపు మలుపు తిరిగింది.

ముందు తబిత దిగింది. ఆమె వెనక కళ్ళద్దాల పెద్దాయన, చేతిలో మిషనుతో ఒక చిన్నమ్మాయి, ఇద్దరూ ఆఫీసు వాళ్ళు. వాళ్ళ వెనక పిలవకుండానే వచ్చిన మిల్లు మేనేజరు. తబిత వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తరవాత తట్టతో నిలబడ్డ సంపూర్ణమ్మను చూసింది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు పెద్దాయన.

అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి కావాలి. సంపూర్ణమ్మ దగ్గర అది లేదు. "ఇక్కడిదేనండి బాబూ. పొద్దున్న నేనే ఊడ్చేసేనండి. మీరొత్తన్నారని. మళ్ళీ పోత్తన్నానండి."

మేనేజరు నవ్వలేదు. నవ్వే అవసరం కూడా లేకపోయింది. "చూస్తున్నారుగా సార్" అన్నాడు, అంతే.

"రోజూ పడుద్దండి. మీరు రేపు రండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. మా మనవరాలు..." అంటూ దణ్ణం పెట్టింది. రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి.

పెద్దాయన చెడ్డవాడు కాడు. ఆ చేతుల వైపు చాలాసేపు చూశాడు. "నువ్వు పోసింది నేనెలా రాయనమ్మా?" అన్నాడు మెల్లగా.

అమ్మాయి మిషను స్టాండు మీద పెట్టింది. గాలి బాగానే ఉందని చెప్పింది అది. దాని తప్పేం లేదు, ఆ పూట గాలి బాగానే ఉంది. తబిత రేకుల పైకి చూపించింది. నలుపు ఉంది గానీ పాత సిమెంటు రేకులు నల్లగానే ఉంటాయన్నాడు మేనేజరు. చెత్తకుప్ప చూపించింది. అది పొయ్యిల బూడిద కాదని ఎవరు చెప్పాలి? పిల్లల జబ్బు చీటీలు చూపించింది. అవి ఆరోగ్యశాఖ చూసుకునేవన్నాడు పెద్దాయన. చూసినవన్నీ చూసినట్టే రాసుకున్నారు. కూల్‌డ్రింక్ వద్దన్నారు. జీపు వెళ్ళిపోయింది.

రత్నమాణిక్యం అందుకుంది. "కొండనాలుక్కి మందేత్తే ఉన్న నాలుక ఊడిందంట! ఎవరడిగేరు నిన్ను మర్యాదలు? నీ మూలంగా కాదూ అందరం చీపుళ్ళు పట్టింది?" తనూ ఊడ్చానన్న సంగతి మరిచిపోయి అరిచింది, తలుచుకుని ఏడ్చింది. మిగతా ఆడవాళ్ళు తలుపులు వేసుకున్నారు. తిట్టడం కంటే అదే కష్టంగా ఉంది.

తబిత అరుగు మీద సంపూర్ణమ్మ పక్కన కూర్చుంది. "వాళ్ళు ఆ పూటకి ఆపేత్తారనే ఊడవద్దన్నాను అత్తా."

"ఆ ముక్క చెప్పలేదు గదమ్మా."

తబిత తల దించుకుంది. "చెప్పలేదు. ముందే చెప్తే ఎవరైనా ఆ కబురు మిల్లుకు చేరేత్తారని భయపడ్డాను. ఊడవద్దంటే చాలనుకున్నాను."

సంపూర్ణమ్మ ఆ పిల్ల వీపు నిమరబోయి, చేతులు నల్లగా ఉన్నాయని ఆగిపోయింది.

మధ్యాహ్నం వెళ్ళి సగంలో వదిలిన అంట్లు తోమింది. ఎవరికి ఏం జరిగినా అంట్లు అంట్లే. ఒక్కో గిన్నెకూ ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. సూర్యకాంతమ్మ గారు కోప్పడలేదు సరికదా, పెరటి గుమ్మంలోకి వచ్చి సంతోషంగా చెప్పారు. "మీ కాలనీ అద్దంలా ఉందటే! మా ఆయనతో మిల్లు మేనేజరు ఒకటే చెప్పడం. చూశావా మరి, నా మాట విన్నారు." బతుకులో ఎన్నడూ దక్కని మెప్పు. "ఆయ్" అంది సంపూర్ణమ్మ. అరకప్పు కాఫీ తాగలేక వదిలేసింది.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరింది. అప్పటికి గొట్టం మళ్ళీ పొగ కక్కుతోంది. పూటంతా ఆగిన పనిని సర్దుకోవాలని కాబోలు, మామూలు కంటే దట్టంగా కక్కుతోంది. నుసి పడుతోంది. ముగ్గుల మీద, ఎవరూ కూర్చోని కుర్చీల మీద. ఆమె లోపలికి వెళ్ళలేదు, అరుగు మీదే గోడకు చేరగిలబడింది. ఫోన్ మోగింది.

"నాయనమ్మా, ఆఫీసోళ్ళు వచ్చేరా?"

"వచ్చేరమ్మా."

"నేను గౌన్లన్నీ సంచీలో పెట్టేసుకున్నాను. బూడిద ఆగిందా?"

సంపూర్ణమ్మ ఊపిరి కూడగట్టుకుంది. "ఆగింది తల్లీ. పొద్దున్న ఆగింది."

"మరి రేపొచ్చెయ్యనా?"

ఆమె జవాబు చెప్పబోయింది. దగ్గు వచ్చింది. అటు నుంచి కోడలు "అత్తయ్యా, పడుకోండి, మళ్ళీ చేత్తాం" అని ఫోన్ పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళకు రత్నమాణిక్యం గిన్నెలో వంకాయ పులుసు తెచ్చింది. పొద్దున్న నోరు జారినందుకు ఆవిడకు తెలిసిన క్షమాపణ అదే. "వదినా, తిని పడుకో. పోయిందేదో పోయింది" అంది. సంపూర్ణమ్మ గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వాల్చి ఉంది. అలిసి నిద్రపోయిందనుకుంది రత్నమాణిక్యం. దగ్గరికి వచ్చి చూస్తే జుట్టు మీద, చెంపల మీద, రెప్పల మీద నుసి పడి ఉంది. ఎంత నిద్రలోనైనా ఆ మనిషి దులుపుకునేది. రత్నమాణిక్యం గిన్నె కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఛాతీలో కూతలు కూడా లేవు.

చంద్రరావు ఒక్కడే వచ్చాడు. పిల్లను తీసుకురాలేదు. "తీసుకొచ్చే చోటా ఇది?" అని అరిచి, తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి, బజారు నుంచి తెచ్చిన కొత్త కోరా బట్ట కప్పారు. మిల్లు ఆగలేదు. మిల్లుకు మైల లేదు.

తెల్లారేసరికి కోరా బట్ట నల్లబడింది. వంగి దులపబోయిన రత్నమాణిక్యం చేతిని తబిత పట్టుకుంది. "దులపకు పిన్నీ" అంది. ఆఫీసు పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "పాపం" అన్నాడు. "రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా. మళ్ళీ రావాలంటే మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి" అన్నాడు.

పాడె కట్టాక కోడలి పుట్టింటి నుంచి వచ్చిన వియ్యాలవారు తమ బట్ట కప్పారు. నల్లబడిన కోరా బట్టను నుసి రాలకుండా తబితా రత్నమాణిక్యమూ చెరో వైపు పట్టుకుని ఎత్తి, వాకిట్లోనే పరిచారు. మోసేవాళ్ళు వీధి మలుపు తిరిగారు. వెనక వచ్చిన గాలికి బట్ట అంచు లేవబోతే, తబిత వంగి నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు పెట్టింది.